డిస్కులో చోటున్నా ఫైలు ఎందుకు ఆగిపోతుంది?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో 4 టెరాబైట్ల డిస్కు కొని పాత ఎంబీఆర్ (డిస్కు మొదట్లో ఉండే విభజన పట్టిక) పద్ధతిలో విభజిస్తే, మామూలుగా 2.2 టెరాబైట్ల వరకే వాడుకోగలం. పాత 32 బిట్ల ప్రోగ్రాముతో బ్యాకప్ తీస్తే ఫైలు 2147483647 బైట్ల దగ్గర ఆగిపోతుంది. మారతహళ్లి హాస్టళ్లలో ఉంటూ కొత్తగా సర్వర్ల పనిలో చేరే మన తెలుగు పిల్లలు ముందు డిస్కునే అనుమానిస్తారు. పాపం, డిస్కు తప్పేమీ లేదు. పరిమాణాన్ని రాసుకోవడానికి ఎప్పుడో కేటాయించిన బిట్లే చాలడం లేదు.

లైనక్స్‌కు మాతృక అయిన ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ 1975 నాటి ఆరో ఎడిషన్‌లో ఫైలు పరిమాణానికి 24 బిట్లు ఇచ్చారు. అంటే 16 మెగాబైట్లు. అప్పట్లో వాడిన ఆర్‌కే05 డిస్కు మొత్తం కలిపినా రెండున్నర మెగాబైట్లే కాబట్టి అది ధారాళమైన కేటాయింపే. 1979లో ఏడో ఎడిషన్ దాన్ని 32 బిట్లకు పెంచింది. ఫైలులో వెనక్కి జరగాలంటే రుణ సంఖ్యలు కావాలి కనుక ఒక బిట్టు ధన, రుణ గుర్తుకు పోయింది. మిగిలిన 31 బిట్లలో పట్టేది 2 గిగాబైట్లే; బ్యాకప్ ఆగిపోయే 2147483647 ఇక్కడిదే.

తొంభైల్లో డేటాబేసులు ఆ హద్దును దాటేశాయి. 1994లో వచ్చిన ఎక్స్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ను (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) మొదటి నుంచీ 64 బిట్లతోనే కట్టారు. 1996 నాటికి యూనిక్స్ కంపెనీలు లార్జ్ ఫైల్ సమ్మిట్ పేరుతో కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. పాత ప్రోగ్రాములను కదిలించరు. కొత్తవాటిని 64 బిట్లతో కంపైల్ చేసుకోవాలి (అంటే మూల కోడ్ నుంచి నడిచే రూపంలోకి మార్చుకోవాలి). పాత ప్రోగ్రాము పెద్ద ఫైలును తెరవబోతే సిస్టమ్ నిరాకరిస్తుంది. తప్పుడు లెక్కతో ఫైలులో వేరే చోట రాసి ఉన్న డేటాను పాడుచేయడం కన్నా అదే నయం. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అత్యంత బాధ్యతగల నిర్ణయం అది. లైనక్స్‌కు ఈ సదుపాయం 2001 జనవరిలో, 2.4 కెర్నెల్ (లైనక్స్ మూల భాగం)తో స్థిరపడింది.

విభజన పట్టిక సంగతి వేరు. ఎంబీఆర్ యూనిక్స్‌ది కాదు, 1983లో ఐబీఎం పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ పీసీ డాస్ 2.0తో వచ్చింది. పీసీల మీద నడిచే లైనక్స్‌కు వారసత్వంగా అంటుకుంది. సెక్టారు (డిస్కును చదివే, రాసే చిన్న ముక్క) సంఖ్యకు 32 బిట్లు, సెక్టారుకు 512 బైట్లు: ఆ 2.2 టెరాబైట్ల లెక్క ఇక్కడిదే. దాని స్థానంలో వచ్చిన కొత్త పట్టిక జీపీటీలో సెక్టారు సంఖ్యకు 64 బిట్లున్నాయి. విభజనలను చూపే ఎఫ్‌డిస్క్ ఆదేశం ఇచ్చే వివరాల్లో లేబుల్ రకం ‘డాస్’ (అంటే ఎంబీఆర్) అని ఉంటే డేటా నింపకముందే జీపీటీకి మార్చుకోండి.

ఫైల్‌సిస్టమ్‌ల హద్దులు మరొకటి. 4 కిలోబైట్ల బ్లాకులతో లైనక్స్ పాత ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్2లో ఒక ఫైలు 2 టెరాబైట్లు దాటదు. 2008లో స్థిరపడిన ఎక్స్‌ట్4లో 16 టెరాబైట్ల వరకు వెళ్తుంది.

32 బిట్ల ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేయించే ఒత్తిడి చివరికి ఫైళ్ల నుంచి కాక, 2038లో ముగిసిపోయే 32 బిట్ల గడియారం నుంచి వచ్చింది. 2021లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ) 2.34లో 64 బిట్ల కాలం కావాలంటే 64 బిట్ల ఫైలు పరిమాణాన్నీ ఎంచుకోవాల్సిందే. లైనక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ 2024లో 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ల ప్యాకేజీలను ఆ విధంగా మార్చింది. పాత ప్రోగ్రాములు నడుస్తూ ఉండాలని ఐ386ను (32 బిట్ల ఇంటెల్ రకం పీసీల కూర్పును) మాత్రం అలాగే ఉంచింది.