అగ్నిపర్వతం మీద నడవబోయే పిల్లలకు

చిరంజీవులు చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు మీరు న్యూజిలాండ్‌లో బాబాయి దగ్గరికి వెళ్తున్నారని, అక్కడ టోంగారిరో అనే అగ్నిపర్వతం మీది కొండ దారిలో మిమ్మల్ని నడిపిస్తానన్నాడని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. బాబీ గంతులేస్తున్నాడట. చిన్నీ మాత్రం "మీరు వెళ్ళిరండి, నేను కారులో కూర్చుంటా" అందట. కారులో కూర్చోడం కుదరదమ్మా. ఆ దారి మంగటెపోపో దగ్గర మొదలై కొండకు అవతల కెటెటాహి వైపు తేలుతుంది. రద్దీ రోజుల్లో దారి మొదలయ్యే చోట కారును నాలుగు గంటలకు మించి ఉంచనివ్వరు. అందుకే చాలామంది వ్యాన్‌లో వెళ్ళి ఇటు దిగి, నడిచి, అటు మళ్ళీ వ్యాన్ ఎక్కుతారు.

నిన్ను మందలించడానికి రాయడం లేదు చిన్నీ. నేను అక్కడికి వెళ్ళినప్పుడు బాబాయి, పిన్ని పట్టుబడితే నేనూ మనసు లేకుండానే ఆ దారిన బయల్దేరాను. దూరం ఇంచుమించు 20 కిలోమీటర్లు, అంటే ఒంగోలు నుంచి మన చీమకుర్తికి ఉన్నంత. ఏడెనిమిది గంటలు పడుతుంది. ఈ వయసులో నాకెందుకురా అన్నాను. కానీ ఒకసారి నడవడం మొదలుపెట్టాక నన్ను ముందుకు లాక్కెళ్ళింది కాళ్ళ కింది రాయి. అదేమిటో ముందే తెలిస్తే నీకూ కాళ్ళు సాగుతాయని ఈ ఉత్తరం.

మన చీమకుర్తి క్వారీల్లో తీసే గెలాక్సీ గ్రానైట్‌కు పాలిష్ పెట్టిన పలకను ఎండలో కాస్త వంచి చూస్తే నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి కదా. అవి బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. వంద కోట్ల ఏళ్ళకు పైమాటే, భూమి లోపల బాగా లోతున కరిగిన రాయి పైకి రాలేక అక్కడే ఆగి, చాలా నిదానంగా చల్లారింది. నిదానంగా చల్లారితే ఖనిజాలకు పలుకు కట్టే వ్యవధి దొరుకుతుంది. అందుకే అవి కంటికి కనబడేంత పెరిగాయి. క్వారీలో ఇన్నేళ్ళు పనిచేసినా నేను చూసిందంతా ఇలా లోపలే చల్లారిన రాయి.

టోంగారిరోలో కరిగిన రాయి బయటికి వచ్చేసింది. దారి పక్కన గుప్పెడంత నల్లరాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆ సైజుకు ఉండాల్సిన బరువు లేదు. కంటి దగ్గర పెట్టి చూస్తే ఒళ్ళంతా బొక్కలే. కొన్నిట్లో సూదిమొన కూడా దూరదు, కొన్నిట్లో కందిగింజ పడుతుంది. లావాలో ఉన్న ఆవిరి, వాయువులు బుడగలు కట్టి తప్పించుకునేలోపే రాయి గట్టిపడిపోయింది. ఆ బొక్కలు ఆ బుడగలవే. చూసి అక్కడే పెట్టేశాను. మీరూ అంతే, బాబీ. జేబులో వేసుకోకూడదు.

ఇవి అక్కడే ఎందుకున్నాయి, మనకెందుకు లేవు అని అడుగుతారు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. న్యూజిలాండ్ ఉత్తర దీవి కిందికి పసిఫిక్ పలక కొద్దికొద్దిగా దూరుతోంది. దానితో పాటు లోపలికి పోయిన నీరు పైనున్న వేడి రాతిలోకి చేరి, ఆ రాయి తక్కువ వేడికే కరిగేట్టు చేస్తుంది. కరిగింది పైకి దారి చూసుకుంటుంది. మన జిల్లా పలక అంచుకు చాలా దూరం కాబట్టి మనకు ఆ బెడద లేదు.

ఇక దారి. మొదటి గంటన్నర తేలికే. తర్వాత 'దయ్యం మెట్లు' అనే ఎక్కుడు వస్తుంది. చిన్నీకి కోపం వచ్చేది అక్కడే. మాట్లాడుతూ ఎక్కగలిగినంత నెమ్మదిగా ఎక్కు తల్లీ. మాట తెగిపోతుంటే జోరు ఎక్కువైందని అర్థం. వెనకాల వచ్చేవాళ్ళు దాటిపోతే పోనీ. పైకి చేరితే విశాలమైన మైదానం. కుడివైపు నౌరుహోయీ శిఖరం, 2,287 మీటర్లు. అది చివరిసారి పేలింది 1975లో. మీ నాన్న కూడా పుట్టలేదప్పటికి.

అక్కణ్ణుంచి సన్నటి గట్టు మీదుగా ఎర్రబిలం, అంటే అగ్నిపర్వతం నోరు. రాతిలోని ఇనుము వేడికి, గాలికి తుప్పెక్కి ఆ ఎరుపు వచ్చింది. నేల సందుల్లోంచి ఆవిరి వస్తుంటుంది, గంధకం కంపు కొడుతుంది. దారిలో ఎత్తైన చోటు ఇదే, గాలి మనిషిని పక్కకు నెడుతుంది. దాటగానే గుల్లరాళ్ళ దిగుడు. వడ్లరాశి మీద నడిచినట్టు అడుగు వేసినచోట నిలవదు. వేళ్ళ మీద దిగొద్దు, మడమ గట్టిగా గుచ్చి దిగండి. ఆ కిందే పచ్చటి చెరువులు. పాత పేలుళ్ళ గుంటల్లో నీరు నిలిచి, ఎర్రబిలం వైపు నుంచి కరిగివచ్చే ఖనిజాలతో ఆ రంగు పట్టింది.

ఆ నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు. అక్కడి మూలవాసులైన మావోరీలకు ఆ చెరువులు, శిఖరాలు పవిత్రం. 1887లో వాళ్ళ నాయకుడు హోరోనుకు టె హ్యూహ్యూ ఈ శిఖరాలను దేశానికి అప్పగించాడు. న్యూజిలాండ్ మొదటి జాతీయ పార్కు అలా ఏర్పడింది. గుడి కోనేటి దగ్గర ఎలా మసలుకుంటారో ఇక్కడా అలాగే ఉండండి. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను.

కొండ ఇంకా బతికే ఉంది. 2012 ఆగస్టులో ఒక రాత్రి టె మారి బిలం పేలినప్పుడు రాళ్ళు ఎగిరి కెటెటాహి గుడిసె కప్పు చీల్చుకుని లోపల పడ్డాయి. నవంబరులో మళ్ళీ పేలింది, అప్పుడు పట్టపగలు, దారిలో జనం ఉండగానే. దెబ్బలు తగల్లేదు. శాస్త్రవేత్తలు నిత్యం కనిపెట్టుకుని ఉంటారు. దారి మూశామంటే ఎంత దూరం నుంచి వచ్చినా వెళ్ళకూడదు.

పేలుడు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వాతావరణం. జనవరి అక్కడ ఎండాకాలమే అయినా గంటలో మబ్బు కమ్మి చలి కొరుకుతుంది. జీన్స్, కాటన్ చొక్కాలు వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. ఉన్ని బనీను, వాన కోటు ఉండాలి. దారిలో తాగే నీళ్ళు దొరకవు, మోసుకెళ్ళాల్సిందే. గాలి మరీ ఎక్కువగా ఉంటే ఆ మైదానం దగ్గరే వెనక్కి తిరగండి. ఎర్రబిలం దాటాక తిరిగి రావాలంటే ఆ జారుడు దిబ్బ మళ్ళీ ఎక్కాలి. చిన్నీ, ఆ మైదానం దాకా వచ్చి ఇక చాలనిపిస్తే బాబాయికి చెప్పు. నేను కూడా వాడితో మాట్లాడాను, నిన్ను బలవంతం చేయడు.

ఈలోపు ఆదివారాలు ఒంగోలు కొండ ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం, చివర్లో గంటల తరబడి దిగుడే, మోకాళ్ళకు అలవాటు కావాలి. షూలు ఇప్పుడే కొనమని నాన్నకు చెప్పాను. రోజూ బడికి అవే వేసుకెళ్ళండి. కొత్తవాటితో వెళ్తే సగం దారిలోనే బొబ్బలెక్కుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య
చీమకుర్తి