కేరళ కవళ్లు: ఎనభై ఏళ్లుగా తెగని వలల గొడవ

2012లో కేరళ మత్స్యకారుల వలల్లో సుమారు 3.9 లక్షల టన్నుల నూనె కవళ్లు (ఆయిల్ సార్డీన్ చేపలు; ఒక్కటైతే కవ్వ) పడ్డాయి. 2021కి ఆ లెక్క 3,297 టన్నులకు పడిపోయింది. 1994 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) తేల్చింది. మలయాళీలు మత్తి అని, చాళ అని పిలిచే ఈ చేప అక్కడ పేదవాళ్ల కూర. చిన్న పడవల మీద బతికే వేలాది కుటుంబాలకు అదే ఆధారం.

ఈ చేప బతికేది రెండున్నర, మూడేళ్లే. ఏడాది తిరిగేసరికి గుడ్లకు వస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, ఎక్కువగా గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో సముద్రం అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. దానితో పెరిగే సూక్ష్మజీవులే దీని మేత. వానలు, నీటి వేడి కాస్త అటూ ఇటూ అయితే చేప ఎవరూ ముట్టకుండానే తగ్గిపోతుంది. పట్టుబడి తగ్గిన ప్రతిసారీ సముద్రానిదే తప్పని ఒక వర్గం, వలలదే తప్పని మరో వర్గం వాదించుకోవడానికి కారణం ఇదే. రెండింటిలోనూ నిజం ఉంది. సముద్రం మన చేతిలో లేదు కాబట్టి ఆపగలిగింది వలనే అని నా అభిప్రాయం.

ఈ వాదం కొత్తది కాదు. మలబారు, దక్షిణ కెనరా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే హోర్నెల్, నాయుడు అనే ఇద్దరు పరిశోధకులు ఈ చేప జీవితచక్రం మీద 1924లో ఒక నివేదిక ప్రచురించారు. 1940లలో చేప బాగా తగ్గిపోయినప్పుడు, 1943లో మద్రాసు ప్రభుత్వం పిల్ల చేపలను ఊడ్చేసే మత్తికొల్లి వల, ఓడం వల లాంటి చిన్న కన్ను వలల మీద ఆంక్షలు పెట్టింది. అమలు చేయడం కుదరక కొన్నేళ్లకే వాటిని ఎత్తేసింది. ఏ వల చేటు చేస్తుందో అప్పటికే తెలుసు. దాన్ని ఒడ్డున ఆపే మనుషులు, ఏర్పాట్లు మాత్రం లేవు.

1953లో కొల్లం దగ్గర నీండకరలో ఇండో నార్వేజియన్ ప్రాజెక్టు మొదలైంది. మరబోట్లు వచ్చాయి, రొయ్యల ఎగుమతి కలిసొచ్చింది. దాంతో అడుగును గీరుకుంటూ పోయే ట్రాల్ వలలు తీరానికి దగ్గరగా తిరగడం పెరిగింది. 1970ల చివర్లో, గుంపును చుట్టేసి సంచి మూతిలా బిగించే పర్సు వలలూ తోడయ్యాయి. చిన్న పడవలవాళ్ల వలలు తెగిపోయాయి, సముద్రం మీదే కొట్లాటలు జరిగాయి. అప్పుడు చిన్న పడవలవాళ్లు చేసిన ఉద్యమం నిజంగా గొప్పది. థామస్ కోచేరి లాంటి పాదిరీలు, కన్యాస్త్రీలు మత్స్యకారులతో కలిసి వీధుల్లోకి వచ్చారు. 1984లో కోళికోడ్‌లో సిస్టర్ ఆలిస్ నిరాహార దీక్షకు కూర్చున్నారు. 1980లో వచ్చిన కేరళ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టానికి బలం చేకూర్చింది ఈ ఒత్తిడే. 1988 నుంచి వానాకాలంలో ట్రాలింగ్ నిషేధం ఏటా అమలవుతోంది. తీర జలాల్లో పర్సు వలలను నిషేధించడం సబబేనని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది.

కవళ్లకు మాత్రం ఆ విజయం పూర్తిగా అందలేదు. పర్సు వలలతో పోటీ పడలేక 1980ల మధ్యలో సాంప్రదాయ మత్స్యకారులే రింగు వలలు అందుకున్నారు. అవి కూడా చేపల గుంపును చుట్టుముట్టి, అడుగున తాడు బిగించి మొత్తాన్నీ లాగేసేవే. మొదట్లో చిన్నవి. ఏళ్లు గడిచేకొద్దీ పొడవు పెరిగింది, ఇంజన్ల బలం పెరిగింది, అప్పులూ పెరిగాయి. అప్పు తీరాలంటే గుంపు కనిపించగానే వల వేయాల్సిందే, అందులో ఉన్నవి పిల్లలైనా సరే. పైగా వానాకాలపు నిషేధం ట్రాలర్లకే. కవ్వ గుడ్లు పెట్టే కాలంలో రింగు వలలు వేటలోనే ఉంటాయి. ఉద్యమం ఎవరి కోసం నిలబడిందో వాళ్ల చేతుల్లోని వలనే ప్రశ్నించాల్సి రావడం చాలామంది నాయకులకు మింగుడు పడలేదు. విశాఖ తీరంలో రింగు వలల గొడవలు చూసినవాళ్లకు ఆ ఇబ్బంది తెలుసు.

2012 తర్వాత వరుసగా తగ్గుదల కనిపించాక మాట మారింది. ఎవరి పడవ అన్నది పక్కన పెట్టి, ఎంత చేప అని అడగడం మొదలైంది. సీఎంఎఫ్ఆర్ఐ సూచించిన కనీస సైజులను 2015లో 14 రకాలకు కేరళ చట్టబద్ధం చేసింది, తర్వాత 58 రకాలకు విస్తరించింది. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం అదే. కవ్వకు 10 సెంటీమీటర్లు. అంతకంటే చిన్నవి పట్టుకొస్తే హార్బర్లలో సరుకు స్వాధీనం చేసుకుని జరిమానా వేస్తున్నారు.

2023లో పట్టుబడి మళ్లీ 1.38 లక్షల టన్నులకు చేరింది. సముద్రం అనుకూలించిందా, నిబంధన పనిచేసిందా అని తేల్చడం కష్టం. చేప పెరిగినప్పుడే పిల్ల చేపల వేటా పెరుగుతుంది, ఎందుకంటే చేపల్ని కొని మేత కోసం పొడి చేసే మిల్లులు సైజు చూడవు, బరువు చూస్తాయి. రాష్ట్ర చట్టం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకే. కవళ్ల గుంపులకు ఆ గీత లేదు, కర్ణాటక సరిహద్దూ లేదు. అందుకే ఇప్పుడు అడగాల్సింది హార్బర్‌లో తనిఖీ ఒక్కటే కాదు. పశ్చిమ తీర రాష్ట్రాలన్నిటిలో ఒకే కనీస సైజు ఉండాలి, పొడి మిల్లు గేటు దగ్గర కూడా కొలబద్ద ఉండాలి.