తలుపు కింద సందుతో మొదలుపెట్టండి

చిరంజీవులు పాపకు, చిన్నోడికి తాత ఆశీస్సులు.

మీ ఇద్దరి తగువు సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాప హాల్లో మృదంగం సాధన చేస్తుంటే పక్క గదిలో చిన్నోడికి లెక్కలు బుర్రకెక్కడం లేదు. తలుపు వేసుకున్నా మోత ఆగడం లేదు. పాపకు సంగీత కళాశాలలో పరీక్షలు, వాడికి ఇంటర్ పరీక్షలు, రెండూ దగ్గర పడ్డాయి. తప్పు ఎవరిదీ కాదు. అందుకని మీ నాయన హాలు గోడకు నల్ల స్పాంజి షీట్లు అంటించాలని చూస్తున్నాడట. డబ్బు దాని మీద పెట్టకముందే ఈ ఉత్తరం మీకు చేరాలి. తిరుపతి చుట్టుపక్కల ఇళ్ళు కట్టించడమే నా బతుకు కాబట్టి గోడల గురించి నాకు తెలిసింది మీకు చెప్పాలనిపించింది.

గదిలో మోత గింగురుమనకుండా చేయడం ఒక పని. ఆ మోత గోడ దాటి పక్క గదికి పోకుండా ఆపడం ఇంకో పని. జనం ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. స్పాంజి మొదటి పని బాగానే చేస్తుంది. రెండోది దానివల్ల కాదు.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరం ఒకటి ఇబ్బంది పెట్టింది. మాట్లాడిన మాట ఆగకుండా మోగుతూ తర్వాతి మాటను మింగేసేది. దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రి పూట దగ్గరలోని థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి మందిరంలో పరిచి, ఆర్గన్ అనే గాలి వాద్యపు గొట్టం మోగించి, శబ్దం పూర్తిగా ఆగడానికి ఎంత సేపు పడుతుందో కొలిచాడు. మెత్తలు పెరిగే కొద్దీ ఆ సమయం తగ్గింది. అప్పుడు కట్టిన సూత్రాన్నే సంగీత మందిరాలు కట్టేవాళ్ళు ఈనాటికీ వాడుతున్నారు. కానీ ఆయన మెత్తలు పరిచింది లోపల కూర్చున్నవాళ్ళ కోసం. పక్క గదిలో ఉన్నవాళ్ళ కోసం కాదు.

మనం చంద్రగిరి రాజమహల్ చూశాం కదా. కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మందపాటి గోడలు. అలాంటి గోడ బయటి రొదను బాగా ఆపుతుంది. అదే గోడల మధ్య నిలబడి గట్టిగా పిలిస్తే మాత్రం గొంతు తిరిగి మోగుతుంది. శబ్దాన్ని ఆపేది బరువు, పీల్చుకునేది మెత్తదనం. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అయితే రెండింటికీ పెద్దగా పనికిరావు. పైగా థర్మోకోల్, మామూలు స్పాంజి నిప్పు అంటుకుంటే విషపు పొగ చిమ్ముతాయి. పిల్లలు చదువుకునే గదిలో అవి వద్దే వద్దు.

ఇప్పుడు కొంచెం లెక్క. చిన్నోడా, ఇది నీకు ఇష్టమైనదే. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. 10 డెసిబెళ్ళు తగ్గితే శబ్ద శక్తి పదో వంతుకు పడిపోతుంది, మన చెవికి మాత్రం సుమారు సగమైనట్టు తోస్తుంది. రెండు పక్కలా సిమెంట్ పూత ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఓ 45 డెసిబెళ్ళు ఆపుతుందనుకో. అంటే తన మీద పడిన శబ్దంలో దాదాపు 30,000 వంతుల్లో ఒక వంతే అవతలికి పోనిస్తుంది. ఇంత మంచి గోడ ఉన్నా మీకు మోత ఎందుకు వినపడుతోంది?

హాలుకూ నీ గదికీ మధ్య గోడ పదడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు అనుకుందాం. 100 చదరపు అడుగులు. అందులోనే తలుపు ఉంది. తలుపు మూడడుగుల వెడల్పు, కింద అర అంగుళం సందు. ఆ సందు వైశాల్యం 18 చదరపు అంగుళాలు, అంటే ఎనిమిదో వంతు చదరపు అడుగు. మొత్తం గోడలో 800 వంతుల్లో ఒక వంతు. సందు మీద పడిన శబ్దమంతా అవతలికి పోతుంది కాబట్టి, ఆ చిన్న సందు ఒక్కటే మొత్తం గోడ కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ శబ్దాన్ని వదులుతుంది. 45 డెసిబెళ్ళ గోడ 29కి దిగిపోయింది! తలుపు చెక్కలోంచి పోయేదాన్ని ఇంకా లెక్కలోకే తీసుకోలేదు. అడుగున చిల్లున్న కుండకు అంచు ఎంత మందంగా ఉండి ఏం లాభం?

మా కాలపు ఇళ్ళల్లో ప్రతి గదికీ గడప ఉండేది. తలుపు దాని మీదికి వచ్చి ఆనేది, కింద సందు ఉండేది కాదు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో వాకిలికి తప్ప లోపలి గదులకు గడప పెట్టడం లేదు, ద్వారబంధం మూడు పక్కలే. తుడవడానికి సులువు, కాలికి అడ్డం లేదు, నిజమే. శబ్దానికి మాత్రం దారి తెరిచి పెట్టినట్టయింది. గడపను మనవాళ్ళు పసుపు కుంకుమ పెట్టే చోటుగానే చూస్తారు గాని, గదికి అది చేసే ఈ మేలు కూడా తక్కువది కాదని నా అభిప్రాయం.

కాబట్టి ముందు సందులు వెతకండి. రాత్రి హాల్లో లైటు వేసి, చిన్నోడి గదిలో ఆర్పి, తలుపు మూసి లోపల నిలబడండి. తలుపు చుట్టూ ఎక్కడెక్కడ వెలుతురు గీతలు కనపడతాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వెలుగు వచ్చే చోటల్లా శబ్దమూ వస్తుంది. తర్వాత ఒక కాగితం ముక్కను తలుపుకూ బంధానికీ మధ్య పెట్టి తలుపు మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ బిగువు లేదు. బంధం చుట్టూ రబ్బరు పట్టీ అంటించాలి. తలుపు కింద సన్నటి గ్రానైట్ పట్టీ వేయించి, తలుపు అడుగున రబ్బరు సీలు బిగించాలి. పట్టీ అంచు ఏటవాలుగా ఉండాలి, అవ్వ కాలికి తగలకూడదు. ఆ తలుపును వేళ్ళతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే సందులన్నీ మూశాక కూడా అదే బలహీనమైన చోటు. లోపల నిండుగా చెక్క ఉన్న బరువైన తలుపు పెట్టించడం స్పాంజి కంటే వంద రెట్లు మేలైన ఖర్చు. ఇంత బిగించాక గదికి గాలి ఆడదు, హాలు వైపు కాని కిటికీ కాస్త తెరిచి ఉంచాలి.

ఇంకో చోటు ఎవరూ చూడరు, స్విచ్ బోర్డులు. గోడకు ఇటు ఒకటి, అటు ఒకటి ఎదురెదురుగా ఉంటే, పెట్టెలు దించడానికి గోడను రెండు పక్కలా తవ్వేసి ఉంటారు. మధ్యలో మిగిలేది పల్చటి పెచ్చు, ఒక్కోసారి అదీ ఉండదు. బోర్డు దగ్గర చెవి పెట్టి వినండి. మీరు మాత్రం వాటిని విప్పకండి, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియనే విప్పాలి. వెనక సిమెంట్ పెట్టి పూడ్చమని చెప్పండి. అలాగే ఏసీ పైపుల కోసం కొట్టిన రంధ్రాలు, ఫాల్స్ సీలింగ్ పైన గోడ స్లాబు దాకా పోయిందా లేదా అన్నదీ చూడండి. గోడ సీలింగ్ దగ్గరే ఆగిపోతే శబ్దం పైనుంచి దూకి వచ్చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మోత మిగిలితే అప్పుడే గోడ జోలికి పోవాలి. మీ నాయనను అడగండి, అది ఎర్ర ఇటుకా, లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకా (ఏఏసీ అంటారు)? ఈ మధ్య బిల్డర్లు స్లాబు మీద బరువు తగ్గుతుందని తేలిక బ్లాకులు వాడుతున్నారు. పూత కలిపినా నాలుగంగుళాల బ్లాకు గోడ బరువు ఇటుక గోడలో సగం కూడా ఉండదు. గోడ బరువు రెట్టింపైతే ఆపే శబ్దం 5, 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, సగమైతే అంతే తగ్గుతుంది. మరి ఇంకో వరస ఇటుక కట్టేస్తే సరి అనిపిస్తుంది. కట్టకండి. ఆ గోడ బరువు రెండు టన్నులు దాటుతుంది. ఇంజనీరు లెక్క చూడకుండా స్లాబు మీద అంత బరువు పెట్టడం ప్రమాదం. అంత చేసినా దక్కేది ఆ 5, 6 డెసిబెళ్ళే.

దానికంటే మంచి ఉపాయం విడిగా నిలబెట్టడం. పాత గోడకు తగలకుండా ఓ అంగుళం వదిలి ఇనుప రేకు ఫ్రేము నిలబెడతారు. అది నేలకూ పైకప్పుకూ తగిలే చోట మెత్తటి పట్టీ వేస్తారు. ఫ్రేములో రెండంగుళాల రాక్ వూల్, అంటే రాయిని కరిగించి తీసిన దూది లాంటి పీచు, నింపి, పైన జిప్సం బోర్డు రెండు వరసలు వేస్తారు, ఒక వరస అతుకుల మీద రెండో వరస అతుకులు పడకుండా. అంచుల్లో సందులు మూసే, గట్టిపడిపోని జిగురు ముద్ద (సీలెంట్) పెడతారు. హాల్లో గోడ కంపించినా ఆ కంపనం నేరుగా బోర్డుకు అందదు. బాగా చేస్తే 10 డెసిబెళ్ళు, ఆపైన కూడా తగ్గుతుంది. గది నాలుగైదంగుళాలు చిన్నదవుతుంది. రాక్ వూల్ నూగు ఒంటికి దురద పెడుతుంది, పని జరిగేటప్పుడు మీరు ఆ గదిలో ఉండకండి.

పాపా, నీ మృదంగం గురించి ఒక మాట. కుడి పక్క నాదాన్ని ఆపడం సులువు, ఎడమ పక్క గుమ్మనే మోతను ఆపడం కష్టం. సెకనుకు వంద కంపనాలుండే శబ్దపు అల మూడు మీటర్లు దాటి పొడవుంటుంది. అంగుళం స్పాంజి దాన్ని ఏం చేయగలదు? పైగా నువ్వు నేల మీద కూర్చుని వాయిస్తావు, ఆ కంపనం నేలలోంచీ పాకుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్, దాని మీద జంపఖానా వేసుకో. రాత్రి పది దాటాక సాధన వద్దు, అది పొరుగువాళ్ళకు మనం ఇచ్చే మర్యాద.

సందులన్నీ మూసి ఓ వారం చూడండి. ఆ తర్వాత కూడా ఫ్రేము పని పెట్టుకోవాల్సి వస్తే మొదటి రోజు నేను బస్సెక్కి వస్తాను. ఫ్రేము ఊగకుండా ఉండాలని పనివాళ్ళు మంచి మనసుతోనే పాత గోడకు నాలుగు మరలు బిగించేస్తారు. ఆ మరల్లోంచి శబ్దమంతా నడిచి వచ్చేస్తుంది. బోర్డు మూయకముందే అది దగ్గరుండి చూడాలి.

ఇట్లు
మీ తాత