ప్లేటు మీద మొలిచిందల్లా ప్రోబయాటిక్ కాదు

తల్లిపాలలో ప్రోబయాటిక్‌లు, అంటే తింటే ఒంటికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు, వెతకడం మా పని. గుంటూరులో ఓ బాలింత దగ్గర పాల నమూనా తీసుకుంటూ "ఇందులో బ్యాక్టీరియా ఉంటుంది, దాన్ని వేరు చేస్తాం" అన్నాను. పక్కనున్న వాళ్లమ్మ గబుక్కున మనవణ్ణి ఎత్తుకుంది. "పాలల్లో పురుగులా? డబ్బాపాలు పట్టమంటారా మేడం?" అలా అనడం నాదే తప్పు. "పెరుగు తోడుకునేది ఇలాంటి వాటితోనే పిన్నిగారూ" అన్నాక కుదుటపడింది.

అపోహ: బ్యాక్టీరియా ఉంటే ఆ పాలు చెడ్డవి.
వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న తల్లి పాలలోనూ అవి ఉంటాయి. ఎక్కువగా కనిపించేవి స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, స్ట్రెప్టోకాకస్‌లు. మేం వెతికే లాక్టోబాసిల్లస్ రకాలు, గ్యాసెరీ, ఫెర్మెంటమ్ లాంటివి, కొందరి నమూనాల్లో అసలు దొరకవు. అంతమాత్రాన ఆ పాలకు లోటేమీ లేదు.

అపోహ: ఎమ్మారెస్ అగార్ (లాక్టోబాసిల్లస్‌ల కోసం ప్లేటులో పోసే జెల్లీలాంటి మేత) మీద పెరిగితే లాక్టోబాసిల్లస్సే.
వాస్తవం: కొత్తగా వచ్చే పీజీ పిల్లలంతా పడే గుంట ఇదే. ఎంటరోకాకస్ అనే వేరే బ్యాక్టీరియా కూడా ఆ ప్లేటు మీద హాయిగా పెరుగుతుంది. 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ లేకుండా 48 గంటలు ఉంచాక, కాలనీని (ప్లేటు మీద మొలిచిన బ్యాక్టీరియా గుంపు) కాస్త తీసి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలపండి. బుస్సున బుడగలొస్తే పక్కన పెట్టేయండి, అది స్టెఫైలోకాకస్ కావచ్చు. ఎంటరోకాకస్ మాత్రం బుడగలివ్వదు, గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం)లో గుండ్రంగా దొరికిపోతుంది; లాక్టోబాసిల్లస్ అయితే కడ్డీలా ఉంటుంది. ఆ తర్వాతే బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టే 16ఎస్ జన్యువు చదివించాలి, దాదాపు 1500 డీఎన్ఏ అక్షరాలు. బాగా దగ్గరి చుట్టాలైన ప్లాంటారమ్, పెంటోసస్ జంట దానికీ లొంగదు. వాటిని విడదీయడానికి రెక్‌ఏ అనే మరో జన్యువు చూడాల్సిందే. పైగా 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని ముక్కలు చేసి పేర్లు మార్చారు. ఫెర్మెంటమ్ ఇప్పుడు లిమోసిలాక్టోబాసిల్లస్. ఫ్రీజర్‌లో డబ్బాల మీద మాత్రం పాత పేర్లే!

అపోహ: తల్లిపాలలోంచి వచ్చింది కదా, ప్రోబయాటిక్కే.
వాస్తవం: ఆమ్లాన్నీ 0.3 శాతం పైత్యరస లవణాలనీ తట్టుకోవడం మొదటి వడపోత మాత్రమే. మనుషుల్లో మేలు చేసినట్టు తేలాలి. యాంటీబయాటిక్ నిరోధకత సంగతీ చూడాలి. చాలా లాక్టోబాసిల్లస్‌లకు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయకపోవడం పుట్టుకతో వచ్చిన గుణం, దానికి కంగారు పడనక్కర్లేదు. వేరే బ్యాక్టీరియాకు అంటించగలిగే నిరోధకతే ప్రమాదం. పెరూ దేశపు తల్లి పాలలో దొరికిన రాయిటరీ అనే లాక్టోబాసిల్లస్ స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ప్రత్యేక రకం) ఏటీసీసీ 55730లో అలాంటి నిరోధకతను మోసే ప్లాస్మిడ్‌లు (బ్యాక్టీరియా ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకోగల చిన్న డీఎన్ఏ ముక్కలు) రెండు బయటపడ్డాయి. వాటిని తొలగించాకే దాని పిల్ల స్ట్రెయిన్ డీఎస్ఎమ్ 17938 పసిపిల్లల చుక్కల మందులోకి చేరింది.