ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా? అపోహలు - వాస్తవాలు

ఆదివారం సాయంత్రం ఏడు దాటాక తెలియని నంబరు నుంచి ఫోను వస్తే, అది చాలావరకు ఏదో ఒక షోరూము బిల్లింగ్ కౌంటరు దగ్గర నుంచే అయి ఉంటుందని, ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తున్న నాకు అనుభవం మీద తెలిసింది. మొన్న అలాగే టీ నగర్ నుంచి ఒక అబ్బాయి మాట్లాడాడు. వాళ్ళది ఒంగోలు. పెళ్ళయి రెండు నెలలయింది, పెరుంగుడిలో కొత్తగా కాపురం పెడుతున్నారు. "అన్నా, బిల్లు వేసేస్తున్నారు. నాలుగు వస్తువులకూ కలిపి వారంటీ పొడిగింపు 16,400 అంటున్నారు. ఇప్పుడు తీసుకోకపోతే రేపు మీరే ఇబ్బంది పడతారంటున్నారు. ఏం చేయమంటారు?" అని అడిగాడు. వెనక నుంచి ఆ అమ్మాయి, "ఏసీ పాడయితే ఎంతవుతుందో అడగండి" అనడం వినిపించింది. జీతం డబ్బుతో ఇంటికి మొదటిసారి సామాను కొనుక్కునేవాళ్ళకు ఆ భయం సహజం. అయితే ఆ భయాన్ని ఆసరా చేసుకుని ప్రచారంలోకి వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని వల్ల జనం పోగొట్టుకుంటున్నంత డబ్బు మిగతావన్నీ కలిపినా పోదు కనుక ముందు దాని గురించి వివరంగా రాస్తాను.

అపోహ: వారంటీ ఉన్నన్నాళ్ళూ ఏది పాడైనా వాళ్ళే బాగుచేస్తారు.

వాస్తవం: తయారీలో ఉన్న లోపం వల్ల, మామూలుగా వాడుతుండగా పాడైతేనే బాగుచేస్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటే, సాధారణంగా, కంపెనీ మొదటి ఏడాది ఇచ్చిన హామీని మరికొంత కాలం కొనసాగించడమే తప్ప ఆ హామీని విస్తృతం చేయడం కాదు. చాలా పథకాలలో అది ఇంకా ఇరుకవుతుంది కూడా. తుప్పు, వోల్టేజి హెచ్చుతగ్గులు, నీళ్ళు చేరడం, ఎలుకలు, బొద్దింకల వల్ల జరిగే నష్టం, ప్రకృతి వైపరీత్యాలు, పగుళ్ళు, ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు భాగాలు, రిమోట్లు వంటివి 'వర్తించనివి' అన్న పేజీలో కనిపిస్తాయి. మన ఊళ్ళో నేను ఏడాది పొడుగునా చూసే మరమ్మతులను ఆ పేజీ పక్కన పెట్టి చూస్తే, ఎక్కువ భాగం ఆ పేజీలోనివే.

నిరుడు మే నెలలో తిరువాన్మియూరులో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని పిలిస్తే వెళ్ళాను. వాళ్ళ ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంది. ఏసీ కొని మూడో ఏడు నడుస్తోంది. కొన్నప్పుడే 4,700 రూపాయలు కట్టి వారంటీని మరో రెండేళ్ళు పొడిగించుకున్నారు. గది చల్లబడడం లేదని కంప్లైంటు ఇస్తే వచ్చిన టెక్నీషియన్ జాబ్ షీటు మీద 'కొరోజన్' అని ఒక్క మాట రాసి, ఇది వారంటీలోకి రాదని చెప్పి వెళ్ళిపోయాడు. "గాలికి తుప్పు పడితే అది నా తప్పెలా అవుతుంది నాయనా?" అని ఆవిడ అడిగారు. బాల్కనీలో ఉన్న అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పితే అల్యూమినియం ఫిన్స్ (పలుచటి రేకులు) మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొడి, రాగి గొట్టం వంపుల దగ్గర ఆకుపచ్చటి చిలుము కనిపించాయి. గ్యాసు ఎక్కడ కారుతోందో చూడడానికి గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురుగు రాస్తూ వెళ్ళాను. అడుగు నుంచి మూడో వంపు దగ్గర నురుగు గవ్వంత బుడగలా ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది. సూది మొనంత రంధ్రం అది. గ్యాసంతా అక్కడి నుంచే పోయింది. బీసెంట్ నగర్ నుంచి, తీరం వెంట వెళ్ళే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పొడుగునా ఉన్న ఇళ్ళలో ఏసీలు పాడయ్యే తీరు ఎక్కువగా ఇదే. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో తుప్పును మినహాయించిన ఏసీ వారంటీ కొనేటప్పుడు, మన ఏసీకి అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే జబ్బును వదిలేసి మిగతావాటికి డబ్బు కడుతున్నామని ముందే తెలిసి ఉండాలి.

వాషింగ్ మెషీన్ సంగతీ అంతే. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో హీటరు మీద సున్నం పేరుకుంటుంది, ఇన్‌లెట్ వాల్వు జాలీ పూడుకుపోతుంది, మెషీను కింద ఎలుకలు దూరి వైర్లు కొరుకుతాయి. ఎండాకాలంలో లో వోల్టేజి వచ్చి, ఆ వెంటనే ఒక్కసారిగా పెరిగితే పీసీబీ (మెషీనును నడిపే సర్క్యూట్ బోర్డు) మాడుతుంది. టెక్నీషియన్ జాబ్ షీటులో 'బర్న్' అని రాశాడంటే వాదన చాలావరకు అక్కడితో ముగిసినట్టే.

ఇక వరదలు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను వానలకు వేళచ్చేరిలో మా చెల్లెలి ఇంట్లోకి నడుము లోతు నీళ్ళు వచ్చి, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను రెండూ మునిగాయి. రెండింటికీ పొడిగించిన వారంటీ ఉంది. 2015 వరదల్లో ఆ ప్రాంతం ఎలా మునిగిందో కళ్ళారా చూసినవాణ్ణి అయి ఉండి కూడా, ఆ పథకం కొనమని దానికి చెప్పింది నేనే. షరతులు చదవకుండా చెప్పాను. ప్రకృతి వైపరీత్యం కనుక వర్తించదని రెండే వాక్యాల్లో జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ముందు ఆ పేజీ చదివించి గానీ నా అభిప్రాయం చెప్పడం లేదు. వరద భయం ఉన్నవాళ్ళకు కావలసినది వారంటీ కాదు, ఇంటి బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీని ఇస్తున్నాయి. అందులో వరద, తుఫాను నష్టం ఉంటుంది. సొంత ఇంటికి తీసుకుంటే, భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, ఇంట్లోని సామానుకు కూడా వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్ళు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. లోతట్టు ప్రాంతాల్లో కింది అంతస్తులో ఉంటూ ఐదు వస్తువులకు ఐదు వారంటీలు కొని, ఈ పాలసీ సంగతి తెలియక మునిగిపోయినవాళ్ళను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

వాట్సాప్‌లో ఏటా తిరిగే ఒక పుకారు గురించి కూడా చెప్పాలి. వారంటీ ముగిసిన మర్నాడే పాడయ్యేలా కంపెనీలు లోపల చిప్పు పెడుతున్నాయని, అందుకే పొడిగించుకోక తప్పదని దాని సారాంశం. వేల మెషీన్లు విప్పాను, అలాంటి చిప్పు ఒక్కటీ నాకు కనిపించలేదు. ఆధారం లేని ఈ మాటను చదువుకున్నవాళ్ళు కూడా ముందుకు పంపడం సరికాదు. ఇంజనీర్లు 'బాత్‌టబ్ కర్వ్' అని పిలిచే లెక్క ప్రకారం, తయారీ లోపం ఉన్నవి మొదటి నెలల్లోనే బయటపడతాయి, ఆ గండం దాటినవి చాలా ఏళ్ళు నిలకడగా పనిచేస్తాయి, ఆ తరువాత అరుగుదల వల్ల మళ్ళీ పాడవడం మొదలవుతుంది. మొదటి దశకు కంపెనీ ఉచితంగా ఇచ్చే వారంటీ ఉంది. చివరి దశ వచ్చేసరికి కొనుక్కున్న వారంటీ కూడా ముగిసిపోతుంది. మనం డబ్బు కట్టేది ఎక్కువగా మధ్యలోని ఆ నిలకడైన కాలానికే.

కంప్రెసరుకు పదేళ్ళ వారంటీ ఉంది కనుక ఏసీకి పదేళ్ళ దిగులు లేదనుకోవడం మరో పొరపాటు. ఆ పదేళ్ళూ ఆ ఒక్క భాగానికే. దాన్ని మార్చినప్పుడు గ్యాసు, కూలి, రవాణా ఖర్చులు సాధారణంగా మనమే పెట్టుకోవాలి. అలాగే '3 ఏళ్ళ రక్షణ' అంటే చాలాచోట్ల కంపెనీ ఇచ్చిన 1 ఏడాదిని కలుపుకుని చెప్పే లెక్క. మనం కొంటున్నది 2 ఏళ్ళే, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది.

బిల్లు వేసేటప్పుడే తీసుకోవాలనే తొందర కూడా అక్కర్లేదు. చాలా కంపెనీలు తమ సొంత పొడిగింపును మొదటి వారంటీ గడువు ముగిసేలోపు ఎప్పుడైనా అమ్ముతాయి. పది నెలలు వాడి చూసి, వస్తువు ఎలా ఉందో తెలుసుకున్నాక నిర్ణయించుకోవచ్చు. షోరూములో అమ్మే పథకం చాలాసార్లు కంపెనీది కాదు, షోరూముదో మరో సంస్థదో అయి ఉంటుంది. రేపు ఫోను చేయవలసింది ఎవరికి, వచ్చేది కంపెనీ మనిషేనా, బాగుకాకపోతే డబ్బిస్తారా లేక తరుగుదల తీసేసి కూపను ఇస్తారా అన్న మూడు సంగతులు రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ ఒంగోలు అబ్బాయితో, షరతుల పుస్తకం అడిగి 'వర్తించనివి' అన్న పేజీ నాకు చదివి వినిపించమన్నాను. కౌంటరులో రంగుల కరపత్రం తప్ప పుస్తకం లేదు, తరువాత మెయిల్‌లో వస్తుందన్నారు. అది వచ్చాకే డబ్బు కడతామని చెప్పి రమ్మన్నాను.

అలాగని ఎవరూ ఎప్పుడూ కొనకూడదని నేను అనను. పెద్ద టీవీ విషయం వేరు. 55 అంగుళాల టీవీకి తెర మీద గీతలు పడి ప్యానెల్ మార్చవలసి వస్తే, ఆ ఖర్చు తరచుగా టీవీ ధరలో సగం దాటుతుంది. ప్యానెల్‌ను స్పష్టంగా చేర్చిన కంపెనీ పథకం సరసమైన ధరకు వస్తే తీసుకోవచ్చు. కాయిలును (ఆ రాగి గొట్టాలు, ఫిన్స్ కలిసిన భాగం), గ్యాసును, తుప్పును కూడా చేర్చిన ఏసీ పథకం దొరికితే సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు తప్పక ఆలోచించాలి. ఒక్కసారిగా పదివేలు బయటికి తీయలేని ఇంట్లో మనశ్శాంతికి కూడా విలువ ఉందని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ 16,400 రూపాయలను నాలుగు వస్తువులకు పంచి కట్టడం కన్నా, ఒకేచోట మరమ్మతుల కోసం దాచుకుంటే, నాలుగింటిలో ఏది ముందు పాడైనా, ఏ కారణంతో పాడైనా ఆ డబ్బు అక్కరకు వస్తుంది. ఇవాళ మా ఊళ్ళో ఏసీకి గ్యాసు నింపడానికి సుమారు 3,000, పీసీబీ మార్చడానికి 5,000 నుంచి 7,000 దాకా అవుతోంది. నాలుగు వస్తువులూ ఆ రెండేళ్ళలోనే చెడిపోవడం చాలా అరుదు.

వారంటీ వర్తించదని టెక్నీషియన్ చెబితే ఇక చేసేదేమీ లేదనుకోవడమే చివరి అపోహ. కారణాన్ని జాబ్ షీటు మీద రాయించుకోండి, పాడైన భాగాన్ని అక్కడే ఫొటో తీసుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వస్తువు ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంది. మరొక సంగతి. కొనుగోలుదారుకు తెలియజేయని మినహాయింపు షరతును అడ్డుపెట్టుకోకూడదని, బీమా విషయంలో, సుప్రీంకోర్టు 2000లో మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులో చెప్పింది. వారంటీ వివాదంలోనూ ఆ వాదనను లేవనెత్తవచ్చు.

తిరువాన్మియూరు టీచరు గారు చేసింది అదే. ఆవిడ దగ్గర బిల్లులో వారంటీ పేరుతో ఒక వరస తప్ప షరతుల కాగితం ఏదీ లేదు, ఎవరూ ఇవ్వలేదు. ఆ మాటే రాసి, నేను తీసిన బుడగ ఫొటో జతచేసి 1915 ద్వారా ఫిర్యాదు పెట్టారు. మూడు వారాలకు కాయిలు ఉచితంగా మార్చడానికి ఒప్పుకున్నారు, గ్యాసు ఖర్చు మాత్రం ఆవిడే పెట్టుకున్నారు. ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్ళి, కరెంటు ఆపి, ఆ అవుట్‌డోర్ యూనిట్‌ను మంచినీళ్ళతో కడిగి వస్తున్నాను.