గుమ్మటాల గొడవ మొదలైంది వెయ్‌జౌలోనే

చైనా మసీదుల 'అప్పుడు, ఇప్పుడు' ఫోటోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. ఒక ఫోటోలో గుమ్మటం, పక్క ఫోటోలో దాని చోట పగోడా కప్పు. చైనాకు ఇస్లాం తెచ్చిన అరబ్ వర్తకులు, సిల్కు రోడ్డు సంగతులు అందరూ చదివినవే. పశ్చిమాన ఉయ్గుర్ ముస్లింలుండే షింజియాంగ్ కథ వేరు, అక్కడ చాలాచోట్ల మసీదులే లేకుండా పోయాయి. ఈ ఫోటోల్లో ఎక్కువ హుయ్ ముస్లింలవి. చైనీసే మాట్లాడే తమ జోలికి సర్కారు రాదని వాళ్లకో ధీమా ఉండేది.

అది 2018 ఆగస్టులో పోయింది. వాయవ్య చైనాలో హుయ్‌ల స్వయంపాలిత ప్రాంతమైన నింగ్‌షియాలోని వెయ్‌జౌలో తొమ్మిది గుమ్మటాలు, నాలుగు మినార్లతో తెల్లటి పెద్ద మసీదు అప్పుడే పూర్తయింది. అనుమతులు సరిగా లేవు, ఆగస్టు 10 లోపు మీరే కూల్చండి, లేదంటే మేం కూలుస్తాం అని నోటీసు వచ్చింది. తెల్లటోపీల జనం వేలల్లో వచ్చి మసీదు ముందు కూర్చున్నారు. తొమ్మిదిలో ఎనిమిది గుమ్మటాలు తీసేస్తే చాలని అధికారులు బేరం పెట్టినా ఒప్పుకోలేదు. జనం అడిగింది ఒక్కటే: రెండేళ్లు కడుతుంటే చూస్తూ ఊరుకున్నారెందుకు?

అధికారుల మాట కూడా చెప్పుకోవాలి: గుమ్మటం అరబ్బుల పోకడ, మసీదు చైనా తీరులో ఉండాలి. 1392లో కట్టిన షియాన్ పెద్ద మసీదు అచ్చంగా చైనా మండపంలాగే ఉంటుంది, నిజమే. కానీ వెయ్‌జౌలోనూ సుమారు 600 ఏళ్ల పాత మసీదు ఆ తీరులోనే ఉండేది. దాన్ని మావో కాలపు సాంస్కృతిక విప్లవంలో కూల్చేశారు.

పైగా అరబ్ హంగును అమ్ముకున్నదీ సర్కారే. గల్ఫ్ పెట్టుబడుల కోసం 2010 నుంచి నింగ్‌షియా రాజధాని యిన్‌చువాన్‌లో చైనా-అరబ్ వాణిజ్య సభలు పెట్టారు, వీధి బోర్డుల మీద అరబ్బీ రాయించారు. 2018లో మాత్రం అక్కడి ఆయీ నది పేరు కూడా మార్చేశారు. ఆయీ అంటే ముహమ్మద్ ప్రవక్త భార్య 'ఆయిషా' పేరులా వినిపిస్తోందట!

మతాల 'చైనీకరణ' గురించి, అంటే అవి చైనా తీరుకు మారాలని, షీ జిన్‌పింగ్ 2015లోనే మాట్లాడారు. ఇస్లాం కోసం 2018-22 పంచవర్ష ప్రణాళిక వచ్చాక అది కిందిస్థాయి ఆఫీసర్ల పని అయిపోయింది. వెయ్‌జౌ గుమ్మటాలు ఆ తర్వాత పోయాయి. 2023 మేలో నైరుతి రాష్ట్రం యునాన్‌లోని నాజియాయింగ్‌లో గుమ్మటం, మినార్లు తీయడానికి వచ్చినప్పుడు జనానికీ పోలీసులకూ తోపులాట జరిగింది. అక్కడా చెప్పిన కారణం అక్రమ కట్టడమే. 2024కి అదే యునాన్‌లోని షాదియన్ వంతు వచ్చింది. 1975లో ఆ ఊరి మీద, చుట్టుపక్కల ఊళ్ల మీద సైన్యం చేసిన దాడిలో మొత్తం 1,600 మంది దాకా చనిపోయారు. మదీనా మసీదు నమూనాలో కట్టుకున్న పెద్ద మసీదుకు ఇప్పుడు గుమ్మటం లేదు, మినార్లను పొట్టిచేసి పగోడా టవర్లుగా మార్చారు.