భవితలో చేరిస్తే ఊరి బడిలో పేరు తీసేస్తారా? అపోహలు - వాస్తవాలు

జూన్‌లో బడిబాట (పిల్లలను బడిలో చేర్పించే కార్యక్రమం) మొదలైన ప్రతిసారీ వరంగల్, హనుమకొండ జిల్లాల పల్లెల్లో ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రంలోనూ ఇంటి వద్దా నేర్పే ఉద్యోగిగా, నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: "మేడం, మా పిలగాన్ని భవితల రాపిస్తే ఊరి బడిల పేరు కొట్టేస్తరట గదా?" ఈ పుకారును ఎవరు పుట్టించారో గాని, దీన్ని నమ్మి పిల్లలను అటు భవితకూ ఇటు బడికీ పంపకుండా ఇంట్లోనే ఉంచిన తల్లిదండ్రులు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

భవిత కేంద్రం బడికి బదులుగా పెట్టింది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు తోడ్పాటు ఇవ్వడానికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండల స్థాయిలో నడుస్తున్న సహాయక కేంద్రం అది. పిల్లవాడి పేరు ఊరి బడి హాజరు పట్టికలోనే ఉంటుంది. పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అన్నీ అక్కడివే. పెన్సిల్ పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, మూత్రానికి వెళ్ళాలని సైగ చేసి చెప్పడం వంటివి భవితలో మేము నేర్పుతాం. నిర్ణయించిన రోజున ఫిజియోథెరపిస్టు వచ్చి వ్యాయామాలు చేయిస్తారు. అక్కడ నేర్చుకున్నది బడిలో కూర్చోవడానికి పనికి రావాలన్నదే దీని ఉద్దేశం.

ఈ అపోహ తల్లిదండ్రులది మాత్రమే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. కొందరు ప్రధానోపాధ్యాయులు కూడా "మీ బాబుకు భవిత ఉంది కదమ్మా, అక్కడికే తీసుకుపోండి" అని ఎంతో మర్యాదగా తిప్పి పంపుతున్నారు. మర్యాదగా చెప్పినంత మాత్రాన అది చట్టసమ్మతం కాదు. ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా చేర్చుకోవాలని దివ్యాంగుల హక్కుల చట్టం-2016 లోని 16వ సెక్షన్ చెబుతోంది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరలోని బడిలోగాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితంగా చదువుకునే హక్కును అదే చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చింది.

పర్వతగిరి వైపు ఒక ఊళ్ళో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలిక పట్టు తప్పే స్థితి) ఉన్న ఒక ఆడపిల్ల ఇలాగే చాలాకాలం ఇంట్లో ఉండిపోయింది. తల్లిదండ్రులు పత్తి ఏరడానికి పోతే పాపను నాయనమ్మ చూసుకునేది. మేము వెళ్ళేసరికి మోకాళ్ళ వెనుక కండరాలు బిగుసుకుపోయి, కాళ్ళు చాపడమే కష్టంగా ఉంది. ముందునుంచీ వ్యాయామం అంది ఉంటే అంతగా బిగుసుకునేవి కావు. బడిలో పేరు పోతుందని భయపడి భవితకు తీసుకురాలేదనీ, పాప నడవలేదు కాబట్టి బడిలోనూ అడగలేదనీ ఆ తల్లి చెప్పింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే సరైన సమాచారం చెప్పవలసిన వాళ్ళెవరూ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఊరి బడిలో చేర్చుకున్న తరువాత ఆ పాపకు మాట రాకపోయినా, హాజరు పిలిచినప్పుడు అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేయడం అలవాటైంది; పక్కన కూర్చున్న పిల్లలు "వచ్చింది సార్" అని అందుకుంటారు. తోటి పిల్లల మధ్య దొరికే ఈ చదువును నా భవిత గదిలో నేను ఇవ్వలేను.

మిగిలిన అపోహలను క్లుప్తంగా చెబుతాను. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) గాని యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) గాని లేనిదే బడిలో చేర్చుకోరన్నది అబద్ధం. పింఛనుకూ పరీక్షల రాయితీలకూ వైకల్య ధ్రువీకరణ అవసరం కాబట్టి తీసుకోండి, కానీ దానికోసం ప్రవేశాన్ని ఆపకండి. బడికి పోతే నెలకు వచ్చే 4,016 రూపాయల పింఛను ఆగిపోతుందన్న ప్రచారానికి ఏ ఆధారమూ లేదు. మిగతా అన్నింట్లో చురుకుగా ఉండి చదవడం, రాయడం మాత్రం రాని పిల్లలను బద్ధకస్తులని కొట్టకండి: 1995 నాటి చట్టంలో వైకల్యాలు 7 రకాలే, 2016 చట్టం గుర్తించిన 21 రకాలలో అభ్యసన వైకల్యం కూడా ఉంది. వారికి పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్ (చెప్పింది విని పరీక్ష రాసిపెట్టే సహాయకుడు), రెండో, మూడో భాషల మినహాయింపు ఇచ్చేందుకు ఆ చట్టమే వీలు కల్పించింది.

మంచం దిగలేని పిల్లల సంగతి వేరు. తీవ్ర వైకల్యమో, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలో ఉన్న పిల్లలు ఇంటి వద్దే చదువుకోవడాన్ని ఎంచుకోవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. అలా ఎంచుకున్నా పేరు ఊరి బడిలోనే ఉంటుంది, ఐఈఆర్పీలే ఇంటికి వస్తారు. అయితే ఎంచుకోవలసింది మీరే గాని, బడివాళ్ళు మీ మీద రుద్దేది కాదు. ఎవరైనా మీ పిల్లలను చేర్చుకోబోమని అంటే ఆ మాటను రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే ఎంఈఓకు (మండల విద్యాధికారి), అక్కడ పని కాకపోతే డీఈఓకు (జిల్లా విద్యాధికారి), అప్పటికీ కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. దరఖాస్తు రాయడం రాకపోతే మీ మండలంలోని భవితకు రండి, మేము రాసిపెడతాం.